ఒడ్డున ఉండే నంబరు

పాప ఏడవడం లేదని అందరికంటే ముందు మురిసిపోయింది నేనే. పాలు పట్టాలంటే తట్టి లేపాల్సి వచ్చేది. "బంగారు కొండ, తల్లిని కష్టపెట్టదు" అంటూ మా అత్తగారు దిష్టి తీసేవారు. మూడో నెలలో ఒకరోజు స్నానం పోస్తూ చూశాను. నాలుక బయటికి వచ్చి ఉంది, బొడ్డు ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. వారంగా విరేచనం లేదు. భయం వేసింది.

మాది మొగల్తూరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. మా ఆయన బోటు మీద వేటకు వెళితే పది పన్నెండు రోజులు రారు. అత్తగారు, నేనే పాపను పిల్లల డాక్టరుకు చూపించాం.

"పుట్టినప్పుడు మడమ నుంచి రక్తం తీశారామ్మా?" అని అడిగారు డాక్టరమ్మ.

తీశారు. పురుడు పోసిన ఆస్పత్రిలో మూడోరోజు నర్సు మడమ మీద పొడిచి, నాలుగు చుక్కలు అట్టముక్క మీద అద్దింది. "తేడా ఉంటేనే ఫోన్ చేస్తామండి" అంది. ఫోన్ రాలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నాం.

డాక్టరమ్మ ఆ ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కున్నారు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ లెక్క చాలా ఎక్కువ వచ్చిందట. మూడుసార్లు ఫోన్ చేశారట, మా ఆయన నంబరుకి.

రక్తం తీసిన రోజు నర్సుకు నా నంబరు చెప్పబోతే అత్తగారు, "ఇంటాయన ఉండగా ఆడదాని నంబరేంటమ్మా, ఆడిదే చెప్పు" అన్నారు. నేనూ అదే చెప్పాను. మా పేటలో రేషను కార్డు నుంచి గ్యాసు దాకా అన్నిటికీ మగవాళ్ల నంబరే. ఆ మగవాళ్లేమో నెలలో సగం రోజులు సిగ్నల్ లేని నీళ్ల మీద ఉంటారు. ఇది మాకెవరికీ తట్టలేదు.

"కంజెనిటల్ హైపోథైరాయిడిజం. పుట్టుకతోనే థైరాయిడ్ తక్కువ. రెండు వారాల్లోపు టాబ్లెట్ మొదలుపెట్టి ఉంటే మెదడు ఎదుగుదల దెబ్బతినేది కాదు" అన్నారు డాక్టరమ్మ. అత్తగారు పాపను నా ఒళ్లోంచి తీసుకుని గుండెకు హత్తుకున్నారు.

మా ఆయన ఒడ్డుకొచ్చాక విషయం విని తల పట్టుకున్నారు. "మిస్‌డ్ కాల్స్ చూశానే. ఏదో కంపెనీ ఓళ్లనుకున్నాను." తిట్టు నోటిదాకా వచ్చింది. కానీ ఆ నంబరు చెప్పిన నోరు నాదే కదా.

రోజూ పొద్దున్నే థైరాక్సిన్ మాత్ర నలిపి చెంచాడు పాలలో కలిపి పట్టాను. కొన్నాళ్లకు పాప గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని మేం ముగ్గురం ఏడ్చాం. ఎదిగేకొద్దీ డోసు మారాలని చెప్పినా, ఏడాది నిండాక టెస్టుకు ఆలస్యం చేశాం. పిల్ల మళ్లీ మందగించింది.

రెండేళ్లు దాటాక నడిచింది. ఇప్పుడు ఐదేళ్లు. మూడు మాటలు కలిపి చెప్పలేదు. పోయిన తెలివి పూర్తిగా తిరిగి రాదని డాక్టరమ్మ దాచకుండా చెప్పారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం. ఆ ఆకులనైనా వదలడం లేదు, మాత్ర ఒక్కరోజూ మానలేదు.

నేను చెప్పేది ఒక్కటే. ఆస్పత్రిలో ఎప్పుడూ ఒడ్డున ఉండే మనిషి నంబరు ఇవ్వండి. ఫోన్ రాకపోతే వారం తిరిగేసరికి మీరే వెళ్లి రిజల్టు అడగండి.

మా పేటలో ఎవరు బిడ్డతో ఇంటికొచ్చినా ఆడా మగా అని అడగను. "ఎవరి నంబరిచ్చావే?" అంటాను. మొన్న ఒక పిల్ల మొగుడిదే ఇచ్చానంది. మొగుడు వేటలో ఉన్నాడు. ఆమె కాగితం పట్టుకుని నేనే ఆటో ఎక్కి వెళ్లి అడిగాను. నార్మల్ అన్నారు. నేను వచ్చి చెబితే ఆ పిల్ల, "ఇంత కంగారేంటక్కా" అని నవ్వింది. నేనూ నవ్వి, ఇంటికొచ్చి నా కూతుర్ని ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను.