కట్టె పట్టని మారెక్క

మొన్న పొద్దున బలసముద్రం నుంచి మనిషి వచ్చి, మా మేనత్త మారెక్క గొర్రెల దొడ్డి దగ్గరే కుప్పకూలి ప్రాణం విడిచిందని చెబితే నేను నమ్మలేదు. "ఏం మాటలప్పా అవి!" అని అతని మీదే కసురుకున్నాను. వరుస కరువుల్లో బోర్లు ఎండి, శెనక్కాయ చేలోనే మాడి, ఊళ్ళో సగం మంది బెంగుళూరుకు కూలికి పోయినా కదలని మనిషి, ఇంత తేలికగా వెళ్ళిపోతుందా? వెళ్ళిపోయింది. దుఃఖం ఇంకా తీరలేదు. అయినా రాస్తున్నాను.

ఆమెను కరుణామయి, ధీరమూర్తి అని రాస్తే, బతికుంటే నన్ను తిట్టేది. "నీ సొగసు మాటలు సాలించి గొర్లకు నీళ్ళు పెట్టు పో" అనేది. తిట్టినా సరే, ఆ రెండు మాటలూ రాసి తీరతాను. ఆమె కారుణ్యానికీ ధైర్యానికీ నేను ప్రత్యక్ష సాక్షిని. నా ముంజేతి మీది మచ్చ కూడా సాక్ష్యమే.

ఆ మచ్చ కరియ పంటి గాటు. కరియ మా నాయన రామాంజి పెంచిన నల్ల కుక్క. కళ్ళంలో శెనక్కాయ కుప్ప కాయాలంటే కుక్కకు రోషం ఉండాలనీ, రోషం రావాలంటే కారం తినిపించాలనీ మా వైపు ఒక వెర్రి నమ్మకం. నాయన దాన్ని పిల్లప్పుడే చీకటి కొట్టంలో కట్టేసి, సంగటిలో మిరప్పొడి కలిపి పెట్టి, కట్టెతో అదిలిస్తూ కొడుతూ పెంచాడు. దానికి రోషం రాలేదు, భయం పట్టుకుంది. మనిషి నీడ పడితే వణికేది, వణుకుతూనే మీద పడేది. ఒకరోజు నీళ్ళు పెట్టబోయిన నా చెయ్యి పట్టేసింది. పావగడ ఆసుపత్రిలో బొడ్డు చుట్టూ సూదులు వేయించుకొని నేను ఇల్లు చేరేసరికి, నాయన గడ్డపార పట్టుకొని కొట్టం ముందు నిలబడి ఉన్నాడు.

అత్త ఆయనకు అడ్డంగా నిలబడింది. "సంపేది ఎంతసేపు? నాకియ్యి రామాంజీ," అంది.

"ఇంకొకర్ని కరిస్తే ఏం జేస్తావక్కా?"

"అప్పుడు నీ ఇష్టం. నేనే పట్టిస్తా."

ఆ ఒప్పందం మీద కరియ గొలుసుతో సహా ఆమె దొడ్డికి చేరింది.

ఆనాటి నుంచి అత్త కరియ ఎదుట కట్టె పట్టలేదు. గొర్రెలు మేపే మనిషి చేతిలో కట్టె లేకపోవడమా! ఆ కరువులో కొమ్మలు వంచి ఆకు దూయడానికి పొడవాటి దోటికర్ర తప్పనిసరి. దాన్ని ఊరి బయట తుమ్మచెట్టుకే తగిలించి, ఒట్టి చేతులతో ఇంటికొచ్చేది. "మారెక్కకు మతి పోయిండాది" అని జనం నవ్వారు. నవ్వితే నవ్వనీ! ఆమె పట్టించుకుంటేగా.

దొడ్డిలో కరియకు వీపు పెట్టి, కంబళి కప్పుకొని కూర్చొనేది. సంగటి ముద్దలు వెనక్కి జారవిడిచేది. పిలిచేది కాదు, తిరిగి చూసేది కాదు. అది గుర్రుమంటే ఈమె ఊపిరి కూడా మెల్లగా తీసేది. నేను ముళ్ళకంప బయట నిలబడి చూసేదాన్ని.

"మెడ పట్టుకుంటే యెట్ల అత్తా?" అని ఒకసారి ఏడ్చినంత పని చేశాను.

"దానికి పొగరు కాదు పాపా, బయం. బయపడినోళ్ళను మనం పిలవకూడదు. వాళ్ళే రావల్ల."

వచ్చింది. ముందు కంబళి అంచు వాసన చూసింది, కొన్నాళ్ళకు దాని మీదే పడుకుంది. అత్త గొలుసు విప్పేసింది. కరియ గొర్రెల వెంట బీడుకు పోవడం మొదలుపెట్టింది.

అప్పుడే ఒక మధ్యాహ్నం నాయన అలవాటు కొద్దీ చేతికట్టెతోనే దొడ్డిలోకి వచ్చాడు. కరియ వెంట్రుకలు నిక్కపొడుచుకున్నాయి.

"కట్టె కిందెయ్యి. ఈపు తిప్పి కూచో," అంది అత్త, గొంతు పెంచకుండా.

"నేను పెంచిన కుక్కకు నేను ఈపు తిప్పల్లనా?" అంటూ నాయన కట్టె ఎత్తాడు. కరియ ఎగిరింది. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. పళ్ళు దిగాయి. ఆమె అరవలేదు, చెయ్యి లాగలేదు. "ఇడువు నాయనా, ఇడువు," అంటూ నిలబడింది. కరియ విడిచింది. విడిచి, తోక ముడుచుకొని ఆమె కాళ్ళ దగ్గరే నక్కింది.

"కరిసింది గదా! మాట తప్పద్దక్కా," అన్నాడు నాయన.

"అది కరిసింది నువ్వెత్తిన కట్టెను. నా చెయ్యి ఇడిసింది, సూడలేదా?" రక్తం కారుతున్న చేతిని కొంగుతో చుట్టుకుంటూ అంది. నాయన వెళ్ళిపోయాడు. అత్త ఉన్నన్నాళ్ళూ మళ్ళీ ఆ దొడ్డి తొక్కలేదు. కరియ కూడా ఆ తర్వాత ఎవరినీ కరవలేదు.

అత్తను మట్టిలో పెట్టి వచ్చేసరికి కరియ దొడ్డి వాకిట్లో అడ్డంగా పడుకొని ఉంది. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. లోపల గొర్రెలు నీళ్ళకు అరుస్తున్నాయి. మగవాళ్ళు కట్టెలు తెచ్చారు. "దీన్ని ముగించేస్తే పీడ పోతాది," అన్నారు. 

నాయన వాళ్ళను పక్కకు నెట్టాడు. తన చేతికట్టె నేల మీద పెట్టి, అత్త కంబళి కప్పుకొని, కరియకు వీపు తిప్పి కూర్చున్నాడు. సంగటి ముద్ద వెనక్కి వదిలాడు. అది గుర్రుమంది. ఆయన తిరిగి చూడలేదు. ఎండ నెత్తికెక్కింది. ఎవరూ కదల్లేదు. చివరకు కరియ లేచి, కంబళి వాసన చూసి, దాని అంచు మీద తల పెట్టింది.

అత్తా, నీ వంటి మనిషిని మా సీమ మళ్ళీ కనదు. ఇది పొగడ్త కాదు, కడుపుకోత. ఆ క్షణాన నాయన ఎప్పటి అలవాటుగా నీకే చెప్పుకున్నాడు. "వచ్చిందక్కా," అన్నాడు. బదులు కోసం కాసేపు అట్లాగే కూర్చున్నాడు.