పారిస్‌లో నేను, కల్లంలో ఎవరు?

దయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు మొదటి నుంచీ నవ్వులాటే. అద్దంకిలో నాది పురుగుమందుల కొట్టు. మిరపతోటకి దిష్టి తగిలిందంటూ వచ్చే రైతుకి ఆకు తిరగేసి, భూతద్దం పెట్టి, కింద దాక్కున్న తామరపురుగుని చూపించడం నా పని. అలాంటివాడిని ఇది రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకేం కోపం రాదు.

ముప్ఫై దాటేదాకా నాకు పెళ్లి కాలేదు. కారణం మాధురి. పక్క ఊళ్లో రైతు సేవా కేంద్రంలో ఉద్యోగం. నేను అమ్మిన మందు అవసరం లేకుండా ఏ రైతైనా కొట్టాడని తెలిస్తే చాలు, నేరుగా కొట్టుకొచ్చి అందరి ముందూ నన్ను కడిగేసేది. ఆ తిట్ల కోసం ఎదురుచూసే స్థితికి వచ్చాను. రెండేళ్లయినా అసలు మాట మాత్రం నోరు దాటలేదు. బేరాల దగ్గర గడగడా మాట్లాడేవాణ్ణి, ఆమె ఎదుట నాలుక పిడచకట్టుకుపోయేది.

ఆ ఏడు అమ్మకాలు బాగున్నాయని ఒక మందుల కంపెనీ డీలర్లందరినీ మార్చి నెలలో యూరప్ టూరు తీసుకెళ్లింది. పారిస్, స్విట్జర్లాండ్, వెనిస్. పెళ్లి మాట అడగడానికి ప్రపంచమంతా అక్కడికే వెళ్తుందట. నా గదిలో దిగిన చిలకలూరిపేట డీలరు ఖాజా చెప్పాడు.

"ఒరేయ్ శ్రీనూ, ఈఫిల్ టవర్ కింద నిలబడి వీడియో కాల్ చెయ్. ఏ పిల్లా కాదనదు" అన్నాడు. నిజమేననిపించింది. విమానంలో కూర్చుని నాలుగు పెద్ద పెద్ద డైలాగులు రాసుకున్నాను.

నాకు తెలియని సంగతి ఒకటుంది. మేం బయల్దేరిన మర్నాడే మాధురికి ఒంగోలు నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి లెక్చరర్, వంక పెట్టడానికి ఏమీ లేదు. శనివారం పొద్దుటికల్లా ఏ సంగతీ చెప్పమన్నారట.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి మేం టవర్ దగ్గర ఉన్నాం. టైము ఎలా తెలుసంటే, ఖాజా తీసిన ఫోటోలో ఉంది. మా పక్కనే ఒకతను మోకాలి మీద కూర్చుని ఒకమ్మాయి వేలికి ఉంగరం తొడుగుతున్నాడు. నేను ఫోన్ తీశాను, మాధురి పేరు దాకా వెళ్లాను, మళ్లీ జేబులో పెట్టేశాను. రాసుకున్న డైలాగులు చదువుకుంటే నాకే సిగ్గేసింది. బెంచీ మీద కూలబడి మనసులో ఒక్కటే అనుకున్నాను: నాకు మాటలు రావండీ, నన్ను చేసుకుంటారా? అంతే. పెదవి కూడా కదపలేదు.

అప్పుడే కుడి అరచెయ్యి భగ్గుమని మండింది. అదే చేత్తో కన్ను తుడుచుకుంటే ఇక కన్ను తెరవలేకపోయాను. తుమ్ముల మీద తుమ్ములు. ఖాజా నా చెయ్యి వాసన చూసి, "మిరగ్గాయలు ఎక్కడ పట్టుకున్నావురా?" అన్నాడు. పొద్దున్నుంచీ బ్రెడ్డూ జామూ తప్ప నేనేమీ ముట్టుకోలేదు.

సాయంత్రం హోటల్‌కి చేరి వైఫై కలపగానే మాధురి నుంచి మెసేజ్ వచ్చింది. "నాన్న ఒప్పుకున్నారు." ఎవరికో పంపబోయి నాకు పంపిందనుకున్నాను. అంటే ఎక్కడో పెళ్లి ఖాయమైందన్నమాట. గుండె రాయి చేసుకుని "చాలా సంతోషం" అని జవాబిచ్చాను. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లో ఏ కొండ ఎక్కామో, వెనిస్‌లో ఏ పడవ ఎక్కామో నాకు సరిగ్గా గుర్తు లేదు. ఏడుపొక్కటే తక్కువ.

తిరిగొచ్చాక, మర్యాదగా ఉంటుందని చాక్లెట్ల డబ్బా పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్నగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు.

"ఏం బాబూ, కల్లంలో మా పిల్లని అడిగి అటునుంచి అటే పోయావేంటి? మీవాళ్లని ఎప్పుడు తీసుకొస్తన్నావు?"

డబ్బా ఆయన చేతిలో పెట్టి లోపలికి నడిచాను. మిగతాది మాధురే చెప్పింది. శుక్రవారం సాయంత్రం అయిదున్నరకి, తెల్లబడ్డ తాలుకాయలు ఏరే కూలీలు ఇంటికి బయల్దేరబోతుండగా నేను కాయలు ఆరబోసిన వాళ్ల మిరప కల్లంలోకి వచ్చానట. గుప్పెడు కాయలు తీసి, ఎండాయో లేదో చెవి దగ్గర ఆడించి చూశానట. టూరు వెళ్లలేదా అంటే నవ్వి ఊరుకున్నానట. "నాకు మాటలు రావండీ. నన్ను చేసుకుంటారా? ఒంగోలు వాళ్లకి మాట ఇవ్వకండి" అన్నానట. ఆమె సరేనంది. మంచినీళ్లు తాగి డొంకదారిన వెళ్లిపోయానట. నలుగురు కూలీలూ చూశారు. గట్టు మీద నుంచి వాళ్ల నాన్నగారూ చూశారు.

ఇక్కడ అయిదున్నర అంటే పారిస్‌లో ఒంటిగంట.

నోరు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ అబద్ధం మీద కాపురం పెట్టడానికి మనసొప్పలేదు. పాస్‌పోర్టు మీద ముద్ర, ఖాజా తీసిన ఫోటో ఆమె ముందు పెట్టి, "ఆ రోజు వచ్చింది నేను కాదండీ" అన్నాను. చేజేతులా పోగొట్టుకుంటున్నానని తెలుస్తూనే ఉంది.

మాధురి ఆ ఫోటోని వేళ్లతో పెద్దది చేసి చూసింది. ముఖం పాలిపోయింది. చివరికి ఫోన్ నా చేతికిచ్చి, "మీకూ అదే అడగాలనుందా?" అంది.

"ఉందండీ."

"మరి అడగండి. రెండేళ్ల నుంచీ చూస్తన్నా."

అడిగాను. ఎలా వచ్చాయో, మాటలు వాటంతటవే వచ్చాయి.

"ఆయనకి చెప్పిన జవాబే మీకూను" అని నవ్వింది. నెత్తిమీద బస్తా ఎవరో దించినట్టయింది.

పెళ్లయి రెండేళ్లయింది. నన్ను పోలినవాడెవడో వచ్చి ఉంటాడంటాడు ఖాజా. పోలినవాడికి నా మనసులో మాట ఎలా తెలుస్తుంది? నాకే తెలియని ఒంగోలు సంబంధం ఎలా తెలుస్తుంది? ఆలోచించి ఆలోచించి వదిలేశాను.

అతను రాకపోయి ఉంటే శనివారం పొద్దున ఒంగోలు వాళ్లకి సరేననేదాన్నని మాధురి ఇప్పటికీ అంటుంది. అది విన్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది గానీ అతనంటే మాత్రం భయం వేయదు. ఎవడో గానీ, చల్లగా ఉండాలి.