పెట్రోలు మూతిని పక్కకు జరిపిన కాక

మా కాక పోయాడు. పోయిన ఆదివారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి, "నాయిన పోయిండన్నా" అంది. తర్వాత ఆస్పత్రి సంగతి చెప్పింది. సెలైన్ సీసా తగిలించాక నర్సు దానికి పైన ఇంకో సూది గుచ్చుతుంటే, "అది గాలి పోనీకే గదా బిడ్డా?" అని అడిగాడట. నర్సు అవునన్నదట. ఇక ఆయన ముఖంలో సంతోషం చూడాల్సిందేనట. అది విని నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చాను. ఫోన్ అవతల ఆమె పరిస్థితీ అదే.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది జగిత్యాల పక్క ఊరు, మాది కరీంనగర్ పక్క. మాకంటే పెద్దవాడు కాబట్టి అందరికీ కాక. ఎనభైల్లో ఇద్దరం బహ్రెయిన్‌లో, సనాబిస్ దగ్గర ఒక గ్యారేజీలో పనిచేశాం. మా ఊళ్లవాళ్లకు మాత్రం మేం దుబాయిలో ఉన్నట్టే లెక్క. ఆయన డెంటర్, నేను పెయింటర్ని. ఆయన సుత్తితో సొట్టలు పోయేవి, నా రంగుతో ఆయన సుత్తి గుర్తులు పోయేవి. అందువల్ల మా ఇద్దరికీ రోజూ ఏదో ఒక పేచీ ఉండేది. నాకు ఓపిక తక్కువ. ఆయనకు ప్రశ్నలు ఎక్కువ.

ఏ బండి వచ్చినా ఆయన ముందు ఏమైందని అడిగేవాడు కాదు. ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారని అడిగేవాడు. ముందు సీట్లో ఎవరు, వెనక ఎవరు, పిల్లలున్నారా, ముసలివాళ్లున్నారా. బండి యజమానులు బిత్తరపోయేవాళ్లు. పెళ్లి సంబంధం మాట్లాడుతున్నావా అని నేను ఎగతాళి చేస్తే, "ఎవరు కూసుంటరో తెల్వకుంట బండి మీద చెయ్యి ఎట్ల పెడ్తం రా?" అనేవాడు. ఆ మాట నాకప్పుడు చాదస్తంలా తోచేది.

సౌదీకి సముద్రం మీద వంతెన కొత్తగా తెరిచిన చలికాలంలో ఒక బహ్రెయినీ కుర్రాడు మా దగ్గరికి బండి తెచ్చాడు. ఏదో ఆఫీసులో గుమాస్తా. బండి మాత్రం చనిపోయిన తండ్రిది. రెండు తలుపుల అమెరికా బండి, పొడుగు ముక్కు, ఎనిమిది సిలిండర్లు, స్టార్ట్ చేస్తే రేకుల షెడ్డు అదిరేది. ఇప్పుడు మజిల్ కారని మోజుగా చెప్పుకుంటున్నారు. అప్పట్లో మాకది పెట్రోలు తాగే పాత బండి, అంతే. దానికి పెట్రోలు పోసే మూతి పక్కన కాకుండా సరిగ్గా వెనక, రెండు ఎర్ర లైట్ల మధ్యలో ఉండేది. అక్కడినుంచి గొట్టం డిక్కీలోంచి కిందున్న ట్యాంకులోకి దిగేది.

కాక ఎప్పటిలాగే అడిగాడు. వెనక సీట్లో అమ్మ కూర్చుంటుందని కుర్రాడు వచ్చీరాని హిందీలో చెప్పాడు. మోకాళ్ల నొప్పులు, కాళ్లు చాపుకోవాలి. కానీ ఎక్కిన కాసేపటికే పెట్రోలు వాసన అంటుంది, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటుంది, వాంతి చేసుకుంటుంది. ఆమె చెల్లెలు వంతెన అవతల, దమ్మామ్ దగ్గర మంచం పట్టి ఉంది. పడవ ప్రయాణం పడక వీళ్లు ఒకర్నొకరు చూసుకుని ఏళ్లయింది. ఇప్పుడు వంతెన వచ్చింది, కానీ టాక్సీలో పరాయివాళ్లతో పోనంటుంది, ఇంట్లో ఉన్నది ఈ బండి ఒక్కటే. చెల్లెలు ఎన్నాళ్లుంటుందో తెలియదు. కుర్రాడు ఇదంతా చెబుతున్నంతసేపూ కాక చేతిలో పానా అలాగే ఉండిపోయింది.

డిక్కీలో రబ్బరు గొట్టం పగిలి ఉంది. కొత్తది వేశాం, బిగింపులు మార్చాం, మూతి కింద వాషరు మార్చాం. తర్వాత గ్యారేజీలో అందరం వంతులవారీగా వెనక సీట్లో కూర్చుని వాసన చూశాం. ఏమీ లేదు. మాకు వీసాలిచ్చిన యజమాని, మా కఫీల్ కూడా వచ్చి చూసి, "ఖలాస్" అని చేతులు దులుపుకున్నాడు.

రెండు రోజులకే కుర్రాడు మళ్లీ వచ్చాడు. అమ్మ ఇంకా వాసనే అంటోంది. వాడికి సిగ్గుగా ఉంది. అమ్మది భ్రమేమో, చెల్లెలి మీద బెంగతో అలా అనిపిస్తోందేమో అన్నాడు. మేమూ తలలూపాం. కాక ఊపలేదు. "అనిపించిందంటే ఉన్నట్టే. ఎక్కడున్నదో మనకు దొరకలే, అంతే" అన్నాడు. నా వైపు తిరిగి, "కండ్లు మూసుకో రా" అన్నాడు.

మూసుకున్నాను.

"ఏమన్న వాసనొస్తుందా?"

"ఏమొస్తది? ఏం లేదు."

"తెరువు."

తెరిచేసరికి థిన్నర్‌లో ముంచిన గుడ్డ నా ముక్కు కిందే ఉంది. ఏళ్ల తరబడి నేను దాంట్లోనే బతుకుతున్నాను, నా ముక్కుకు అదొక లెక్కే కాదు. ఆయన తన ముక్కు కింద పెట్రోలు డబ్బా పెట్టుకుని చూసుకున్నాడు. అంతంత మాత్రమే.

"మన ముక్కులు ఎప్పుడో పోయినయి రా. ముక్కులు లేనోళ్లందరం కలిసి ఉన్న ఒక్క ముక్కును భ్రమ అంటున్నం" అని పడీపడీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా ముక్కు పోయిందని ఆ రోజే తెలిసింది మరి.

మర్నాడు ఆమెనే గ్యారేజీకి రమ్మన్నాడు. బుర్ఖాలాంటి నల్లటి అబాయాలో, చేతికర్రతో వచ్చింది. మేం కుర్చీ వేశాం, టీ తెప్పించాం. కొడుకు ముందు సీటు మడిచి, ఆమెను మెల్లగా వెనక కూర్చోబెట్టాడు. ఇంజను ఆపి ఉన్నప్పుడు ఆమె "మాఫీ" అంది, లేదని. ఇంజను వేసినా మాఫీ. కాక ముందు సీట్లో కూర్చున్నాడు, బండి రోడ్డెక్కింది. తిరిగి వచ్చేటప్పటికి ఆమె ముక్కుకు గుడ్డ ఉంది, కాక ముఖం వెలిగిపోతోంది.

"ఆగితే లేదట. పోతుంటే వస్తదట! ఎందుకట్ల?"

"నాకేం తెలుసు కాకా?"

"నాకు తెల్వదు. గదే గదా మజా!"

ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన మనిషి మనిషిలా లేడు. దారిన పోయే కార్ల వెనక భాగాలే చూసేవాడు. మనామాకు బస్సులో పోతుంటే కూడా అదే పని. ఒకనాడు నన్ను మోచేత్తో పొడిచి, "చూసినవా? దుమ్ము ముందట కదా కొట్టాలె. ముందట అద్దం సాఫుగున్నది, వెనక అద్దం మీద వేలుతో పేరు రాయొచ్చు. ఎందుకట్ల?" అన్నాడు. ఆ ఎడారి దేశంలో ఏ బండి చూసినా అంతే. నేనూ అన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాను, ఎప్పుడూ ప్రశ్న పుట్టలేదు.

శుక్రవారం నా లుంగీ అంచులోంచి దారాలు పీకాడు, నన్నడక్కుండానే. వాటిని బండి వెనక, డిక్కీ అంచునా మూతి చుట్టూ టేపుతో అంటించాడు. కుర్రాడు ఆ బండిని నడుపుతుంటే మేం గ్యారేజీ పికప్‌లో వెనక పోయాం. దారాలన్నీ మా వైపు ఎగరాలి కదా? ఎగరలేదు. మూతి దగ్గరి దారాలు ముందుకు తిరిగి, డిక్కీ సందులోకి దూరాలన్నట్టు రేకుకు అతుక్కుపోయాయి. నేను లుంగీ సంగతి మర్చిపోయి అలాగే చూస్తుండిపోయాను.

"గాలి ఎనకకు మర్లుతుంది రా! బండి ఎనక ఉన్నదంత లోపలికి గుంజుకుంటుంది. మూతి కాడ రవ్వంత ఆవిరొచ్చినా ఆమె ముక్కుల పడ్తుంది" అని కిటికీలోంచి అరిచాడు. పక్క బండివాళ్లు మమ్మల్ని పిచ్చివాళ్లనుకుని ఉంటారు.

అంటే మూతి వెనక ఉండకూడదు. పక్కకు రావాలి, వెనక చక్రం మీది రేకుకు. ఆ రేకు మీద ఒక్క గీత లేదు. దాన్ని కోశాక, ఎండకు వెలిసిన ఆ ముదురు నీలానికి సరిపడే రంగు కలపాల్సింది నేను.

"కాకా, గంత మంచి రేకు కోస్తవా?"

"నువ్వున్నవ్ గదరా."

ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. నేను ఒప్పుకున్నాను. కుర్రాడు మాత్రం వెనకాడాడు, నాన్న బండికి కన్నం పెట్టడమా అని. ఇంటికెళ్లి అమ్మను అడిగి వచ్చాడు. "మీ నాన్నకు బండి ముద్దు, నాకు నా చెల్లెలు ముద్దు, కోయమను అంది" అని చెప్పాడు. కాక ఆ మాటను రోజంతా మాకు చెబుతూ తిరిగాడు.

కొత్త గొట్టం అతకాలంటే ట్యాంకుకు వెల్డింగ్ చేయాలి, పెట్రోలు ట్యాంకుకు నిప్పు చూపించడమంటే ఆషామాషీ కాదు. కాక దాన్ని కిందికి దించి, కడిగి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ కడిగి, నిండా నీళ్లు పోసి, వెల్డింగ్ చేసే చోటు మాత్రమే నీటిపైన ఉండేలా పెట్టాడు. మమ్మల్నందరినీ గేటు అవతలికి పొమ్మన్నాడు. అంతవరకు ఎగతాళి చేసిన నేనే అందరికంటే ముందు గేటు దాటాను. చప్పుడేమీ లేకుండా పని అయింది. వెనక పాత కన్నాన్ని రేకుతో మూసేశాడు, పక్కన కొత్త కన్నం కోశాడు, గొట్టాన్ని డిక్కీకి సంబంధం లేకుండా రేకుతో చేసిన గూటిలో పెట్టి మూసేశాడు.

బంకులో మొదటిసారి పెట్రోలు పోయించగానే కొత్త మూతి దాన్ని తిరిగి ఆయన చొక్కా మీదికే కక్కేసింది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆయన తడిసిన చొక్కాతోనే ఆలోచిస్తూ నిలబడ్డాడు. సాయంత్రం గదిలో వంటకు కొత్త నూనె డబ్బా తెరుస్తూ, అలవాటు ప్రకారం దానికి రెండు చిల్లులు పొడిచాడు, ఒకటి నూనెకు, ఒకటి గాలికి. పొడిచి ఆగిపోయాడు. "రోజూ చేసే పనే రా! ట్యాంకుకు గాలి పోయే తొవ్వ పెట్టనే లేదు" అని నెత్తి కొట్టుకున్నాడు. మర్నాడు గొట్టం పక్కనే సన్నటి గొట్టం ఇంకోటి వేశాడు. ఆయనకు అన్నీ ముందే తెలుసని నేను చెప్పడం లేదు. చాలాసార్లు తప్పేవాడు. తప్పు కూడా ఆయనకు ఇంకో ప్రశ్నలాగే ఉండేది.

రంగు నేను వేశాను. బాగా వేశాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. కుర్రాడి అమ్మ వచ్చింది, వెనక కూర్చుంది, బండి రోడ్డెక్కింది. మేమంతా గేటు దగ్గర ఎదురుచూశాం. తిరిగి వచ్చాక ఆమె తొందరపడలేదు. గట్టిగా ఒకసారి గాలి పీల్చి ఏదో అంది. కుర్రాడు నా వైపు చూసి నవ్వు ఆపుకుంటూ తర్జుమా చేశాడు.

"పెట్రోలు లేదంటోంది. రంగు వాసన అంట."

అందరూ నన్ను చూశారు. కాక నవ్వుతూ అక్కడే చతికిలబడ్డాడు. రంగు ఆరేదాకా, తలుపులు, డిక్కీ బార్లా తెరిచి బండిని మా దగ్గరే ఉంచాం. వాసన పోయిందని ఆమె ఒప్పుకున్నాక గానీ కదలనివ్వలేదు.

వాళ్లు వంతెన దాటి వెళ్లారు. ఎప్పుడొస్తారో తెలియదు. కాకకు అన్నం సయించలేదు. దారిలో వాసన వచ్చిందా, వంతెన మీద సముద్రపు గాలికి ఎలా ఉంది, మధ్యలో పెట్రోలు పోయించారా, కక్కిందా. నన్ను అడిగితే నాకేం తెలుస్తుంది? వాళ్లు రాగానే అడగాల్సినవి పని చేస్తూ పైకే అనుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆ ఎనిమిది సిలిండర్ల చప్పుడు వినబడింది. బండి షెడ్డు నీడలోకి వచ్చి ఆగింది. కాక సుత్తి పట్టుకునే పరుగెత్తాడు. కుర్రాడు దిగి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు నెట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం నిండా నవ్వు. అక్కచెల్లెళ్లిద్దరూ అన్నాళ్లూ మంచం మీద పక్కపక్కనే పడుకుని మాట్లాడుకుంటూనే ఉన్నారని, రాత్రీ పగలూ తెలియలేదని చెప్పాడు. మీకు థాంక్స్ చెప్పాలని అమ్మే ఇటు తిప్పమందని చెప్పి, వెనక కిటికీలోంచి ఆమెను లేపబోయాడు.

కాక వాడి చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె వెనక సీట్లో కాళ్లు చాపుకుని, తల అద్దానికి ఆనించి నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ముక్కుకు గుడ్డ పెట్టుకునే చెయ్యి ఒళ్లో ఖాళీగా ఉంది. కాక వంగి కాసేపు చూశాడు. తర్వాత మా అందరికీ సైగ చేశాడు. గ్రైండరు ఆగింది, నా కంప్రెసరు ఆగింది. చప్పుడెందుకు ఆగిందని ఆఫీసులోంచి వచ్చిన కఫీల్ కూడా కారులోకి తొంగి చూసి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని లోపలికి పోయాడు.

కాక ఖాళీ డబ్బా ఒకటి బోర్లించి, ఆ కిటికీ పక్కనే కూర్చున్నాడు. అడగాల్సినవన్నీ నోట్లోనే ఉన్నాయి. సుత్తి ఒళ్లో పెట్టుకుని, అది జారి పడకుండా రెండు చేతులతో పట్టుకుని, ఆమె లేచేదాకా అలాగే కూర్చున్నాడు.