గిర్నక్క కూర్చున్న చోటు

మా యారాలు, అంటే మా ఆయన అన్నగారి భార్య, పోయిన మంగళవారం జనగామ దవాఖానలో కన్నుమూసింది. కబురు వినగానే ఏడ్చాను. ఇంటి ముందు చేరిన జనాన్ని చూశాక మాత్రం, నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అనిపించింది. చివరిరోజున కూడా ఆమె మీద కుళ్లుకున్నదాన్ని. ఈ మాట దాచి ఆమె గురించి ఏం రాసినా అబద్ధమే.

మా పొదుపు సంఘంలో ఎవరికి అప్పు రావాలన్నా అందరి చేతులూ లేవాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా ఆ నెలకు ఆగిపోతుంది. ఊళ్లో పిండి, కారం పట్టే గిర్ని లేని రోజుల్లో ఆమె, నేను ఒకే నెలలో గిర్నికే అప్పు అడిగాం. చిన్న ఊరికి రెండు గిర్నీలెందుకని సంఘం ఆమె పేరు చెప్పింది. అందరూ చేతులెత్తారు. నేను రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని కూర్చున్నాను.

"చెల్లె మనసు కుదిరినంక చూద్దాం తియ్యిండ్రి. నెల ఆగితే ఏమైతది?" అంది ఆమె.

మరుసటి నెల అందరూ నా మీద పడితే ఎత్తాను, అదీ భుజం దాకానే.

గిర్ని వచ్చింది. వాళ్లింటి రేకులు పోయి స్లాబు పడింది. ఊరంతా "గిర్నక్కా" అని పిలుస్తుంటే నాకు ఒళ్లు మండేది. ఆమె గిర్ని నాలుగడుగుల దూరంలో ఉండగా, నేను మిరపకాయలు మూటగట్టుకుని బస్సులో రఘునాథపల్లి పోయి పట్టించుకొచ్చేదాన్ని. ఒకసారి బస్సు కోసం నిలబడి దొరికిపోయాను.

"ఏందే చెల్లె, మిరపకాయలను షికారు తిప్పుతున్నవా?" అని నవ్వి, మూట తానే బస్సెక్కించింది. దారంతా ఆ ఘాటుకు తుమ్ముతూ ఆమెనే తిట్టుకున్నాను.

తర్వాత నేను కుట్టుమిషన్‌కు అప్పు అడిగాను. నా మాట పూర్తికాకముందే లేచిన చెయ్యి ఆమెదే. ఈరోజు మా ఇల్లు గడుస్తున్నది ఆ మిషన్ వల్లనే. అయినా మంచితనంలో కూడా నన్ను మించిపోయిందే అని ఉడుక్కున్నాను. "నన్ను తిట్టుకో గని, కుట్టుడు ఆపకు" అనేది.

సంఘంలో జంఖానా మీద గుండ్రంగా కూర్చుంటాం, ఎవరి చోటు వాళ్లదే. గోడకు ఆనుకునే చోటు లీడరుగా ఆమెది. ఎన్నేళ్లుగానో నాకు దాని మీదే కన్ను. మొన్న మీటింగులో "ఇగ నువ్వే కూసో అక్కా" అన్నారు. కూర్చున్నాను. సరిగ్గా ఎదురుగా, ఖాళీగా, నా పాత చోటు. నేను మూతి ముడిచిన ప్రతిసారీ ఆమెకు ఇంత దగ్గరగా, ఇంత స్పష్టంగా కనిపించిందన్నమాట. నా మిషన్ కోసం చెయ్యెత్తింది కూడా ఆ మూతిని చూస్తూనే.