పావురాలకు కాపలా పెట్టిన పెళ్ళి డిస్కు

టైర్ల గోడౌనులో స్టోర్‌కీపరుగా చేసి రిటైరైన ఆయనకు చుట్టాల్లో ‘కుదింపు బావ’ అని పేరు. పెట్టినవాడు బావమరిది. ఉద్యోగమంతా చోటు లేని చోట చోటు పుట్టించడమే పని కాబట్టి ఆ పేరును ఆయన బిరుదులా మోశాడు. లారీ టైరు కడుపులో కారు టైరు, దాని కడుపులో స్కూటరు టైరు, అందులో తన టిఫిన్ డబ్బా. ఇంట్లోనూ అదే శాస్త్రం. బీరువాలోంచి చీర లాగితే దుప్పటి, దుప్పటి వెనకే గొడుగు ఊడిపడేవి. “ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని ఊరికే అన్నారా?” అని ఒకసారి చమత్కరించబోయాడు. “ఇరకటం చేసిందెవరో కూడా చెప్పండి” అని భార్య అక్కడే ఆపేసింది.

రిటైరయ్యాక ఆ విద్య డీవీడీల మీద పడింది. ముందు గదిలో గోడ నిండా అవే. వాటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి ఒక్క హార్డ్ డిస్కులో పెడతానని ప్రకటించాడు. ఎందుకంటే, రాబోయే తరాల కోసమట. ఆ రాబోయే తరం ఒక్కతే, కూతురు. పక్క గదిలో కూచుని తనకు కావలసిన సినిమా ఫోనులో చూసుకుంటోంది. రాబోయే తరాల పేరు చెప్పి పెద్దలు దాచేది చాలావరకు ఆ తరాలు ఊడ్చుకోవలసిన చెత్తే. ఆ మాట పైకంటే సంస్కృతి మీద గౌరవం లేదంటారు కనుక ఎవరూ అనరు.

గోడలో సగమైనా దిగకముందే హార్డ్ డిస్కు నిండిపోయింది.

“ఇంకోటి కొనుక్కో నాన్నా” అంది కూతురు.

“చోటు కొనడం చేతకానివాళ్ళ పని. చోటు పుట్టించాలి.”

పుట్టించాడు. మొదట మెనూలు, ప్రకటనలు పీకేశాడు. ఎవరూ చదవని సబ్‌టైటిళ్ళు తీసేశాడు. అంతవరకూ తెలివే. ఒక్కో డిస్కులో రెండు మూడు ఆడియోలుంటాయి, తెలియని భాషలూ, సినిమా ఎలా తీశాడో చెప్పే దర్శకుడి సొదా. ‘మొదటిది ఉంచు, మిగతావి ఊడ్చు’ అని సూత్రం కట్టాడు. అదీ చాలక బొమ్మను పిండడం మొదలుపెట్టాడు. పిండి కొద్దీ రొట్టె అన్నది మామూలు మనుషుల సామెత. ఈయన చిటికెడు పిండితో ఊరందరికీ రొట్టెలు చేస్తానన్న రకం. పిండినదాన్నే మళ్ళీ పిండేసరికి హీరో మొహం వానలో తడిసిన స్టాంపులా తయారైంది.

“ఇతనెవరండీ, హీరోనా విలనా?” అని భార్య అడిగితే, “కథ తెలుస్తోందిగా!” అని విసుక్కున్నాడు.

పిండిన సినిమాల్లో ఎక్కువ భాగం ‘తీరిగ్గా చూడవలసినవి’ అనే ఫోల్డరులో పెట్టాడు. మనిషి రిటైరై ఇంట్లో కూచున్నా ఆ తీరిక మాత్రం రాలేదు. ఖాళీ అయిన డబ్బాలు పాత సామాన్లవాడికి పోయాయి. డిస్కులూ చాలావరకు వాటితోనే పోయాయి. కొన్నిటిని దారానికి గుచ్చి, పావురాలు బెదురుతాయని బాల్కనీలో వేలాడగట్టాడు. పావురాలు వాటిలో మొహం చూసుకుని ముస్తాబై, పిట్టగోడ మీద కాపురం పెట్టాయి.

ఒక ఆదివారం బావమరిది వచ్చాడు. కాఫీ తాగి, “బావా, మీ పెళ్ళి వీడియో పెట్టండి. అమ్మ గొంతు వినాలనుంది” అన్నాడు.

అతనికీ, అక్కకూ తల్లి ఫొటోలు ఎన్నో ఉన్నాయి. గొంతు మాత్రం ఆ పెళ్ళి డిస్కులో తప్ప ఎక్కడా లేదు. అమ్మమ్మను ఎరగని కూతురు కూడా వచ్చి కూచుంది.

కుదింపు బావ గర్వంగా హార్డ్ డిస్కు తగిలించాడు. తెర మీద తడిసిన స్టాంపులు అటూ ఇటూ నడుస్తున్నాయి. అత్తగారు నోరు తెరిచినప్పుడల్లా సన్నాయే మోగుతోంది.

“మాటలేవి?” అంది భార్య.

బావమరిది తల పట్టుకున్నాడు. “టేపు పాడైపోతోందని డీవీడీ చేయిస్తే, పెళ్ళంతా సన్నాయి నింపి ఇస్తానన్నాడు వీడియో అతను. మనుషుల మాటలు కూడా కావాలని నాన్న గొడవ పెడితే, వాటిని రెండో ఆడియోలో పెట్టాడు. గుర్తులేదా అక్కా?”

ఆ రెండోదాన్ని చోటు కోసం ఊడ్చిపారేసిన మనిషి టేబుల్ అంచు గోకుతున్నాడు.

“మా అమ్మ మీకు ఎంత చోటు అడ్డమొచ్చిందండీ?” అంది భార్య. అరవలేదు.

“డిస్కు ఏది నాన్నా?”

పాత సామాన్లవాడికి పోయిందేమో అనబోయి, ఆయన గబుక్కున లేచి బాల్కనీలోకి పరుగెత్తాడు. దారాలు తెంపి ఒక్కో డిస్కూ తిరగేశాడు. కొన్న సినిమాల అడుగు వెండిలా మెరుస్తుంది. ఇంట్లోనో, స్టూడియోలోనో రాయించుకున్న డిస్కు అడుగు ఊదాగా ఉంటుంది. తలుపు వెనక, నీడపట్టున వేలాడుతున్న డిస్కు అడుగు ఊదాగా కనిపించింది. పైన పేరు వెలిసిపోయింది, అంచున పావురాల కానుక ఎండిపోయి ఉంది. చొక్కా కొసతో తుడిచాడు.

డ్రైవులో పెడితే గురగురమంది, ఆగింది, మళ్ళీ గురగురమంది. మొదటి భాగం రాలేదు. తర్వాత బొమ్మ వచ్చింది. కూతురు రెండో ఆడియోకి మార్చింది.

“ఆ లైటు నా మొహం మీంచి తియ్యి నాయనా! పెళ్ళికూతురు అటుంటే నన్ను తీస్తావేం?”

భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. బావమరిది నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. తెర మీద అత్తగారు చుట్టాలను మోచేత్తో నెట్టుకుంటూ వచ్చి కేకేశారు: “అల్లుడుగారు ఇరుక్కుపోయి కూచున్నారు, చూడరేం? కాస్త జరగండర్రా, చోటివ్వండి!”

కుదింపు బావ తెరవైపు చూడలేక నేలకేసి చూశాడు.

“ఇంకోసారి ఆడుతుందో లేదో. ముందు కాపీ చెయ్యండి” అన్నాడు బావమరిది. కాపీ నొక్కితే, హార్డ్ డిస్కులో చోటు లేదని తెర చెప్పింది.

“కొంచెం కుదించనా నాన్నా? ఆడియో ఉంచేస్తాలే” అంది కూతురు.

“ముట్టుకోకు. ఉన్నదున్నట్టు రావాలి.”

ఆమె చేతిలోంచి మౌసు లాక్కుని, ‘తీరిగ్గా చూడవలసినవి’ ఫోల్డరును మొత్తంగా చెరిపేశాడు.