అవ్వ పుట్టింటి ఆడిట్

ఆ రోజుల్లో నాకు కాగితం మీద ఉన్న నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. చదువు ముగించి కోయంబత్తూరులో ఒక ఆడిటరు ఆఫీసులో కొత్తగా చేరాను. అక్కడ పొద్దున్నించి సాయంత్రం దాకా నేర్పేది ఒకటే: ఓచరు ఉంటే ఖర్చు అయినట్టు, లేకపోతే కానట్టు. పార్టీ, అంటే లెక్కలు అప్పగించిన మనిషి, ఎదురుగా కూర్చుని దేవుడి మీద ఒట్టు పెట్టినా సరే, కాగితం చూపించమనాలి. ఇరవై రెండేళ్ళ వయసులో ఇలాంటి సూత్రం చేతికి దొరికితే మనిషి ఊరికే ఉంటుందా? ఇంటికొచ్చి అమ్మను కూరగాయలకు బిల్లు అడిగాను. కొత్తిమీర ఊరికే ఇచ్చారంటే, ఊరికే ఇచ్చినట్టు రుజువేమిటన్నాను. "నీకు అన్నం పెడుతుండానే, దానికి రుజువు కావాలా?" అంది అమ్మ. (మా ఇంట్లో మాట తెలుగు, చదువు తమిళం. ఈ నాలుగు ముక్కలు తెలుగు అక్షరాల్లో రాయడం నేను ముప్పై దాటాక నేర్చుకున్నాను. అక్షరం ఎక్కడైనా తడబడితే పెద్దమనసుతో చదువుకోండి.)

ఆ ఏడాదే మా తాత పోయారు. మాలో ఒక పద్ధతి ఉంది. భర్త పోయిన ఆడమనిషికి కర్మ రోజున పుట్టింటివాళ్ళు కొత్త కోక తెచ్చి భుజం మీద వేయాలి. రేపు ఆమె పోయినా, ఒంటి మీద మొదట పడవలసింది పుట్టింటి కోకే. తక్కినవాళ్ళు ఎంత ఖరీదైనది తెచ్చినా దాని తర్వాతే. మా అవ్వ పుట్టినిల్లు మదురై దాటి తిరుమంగళంలో. కర్మ రోజున అక్కడినుంచి ఎవరూ రాలేదు. కాసేపు చూసి, పక్కింటావిడ తన బీరువాలోంచి కొత్త చీర ఒకటి తెచ్చి అవ్వ భుజం మీద వేసింది. ఆవిడ మంచితనానికి వంక పెట్టేదేమీ లేదు. కానీ అవ్వ ఆ చీరను మడిచి పక్కన పెట్టి మళ్ళీ ముట్టుకోలేదు. తాత కోసం కంటతడి కూడా పెట్టలేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది. ఒకరోజు నేను పట్టుబట్టి అడిగితే అంది: "పుట్టింటి కోక వేసేదానికి నాకు ఎవురుండారు పాపా? నేను పోయిననాడూ పక్కింటోళ్ళ కోకతోనే పోవాల." ఆ మాట నేను తట్టుకోలేకపోయాను. అవ్వకు పుట్టింటివాళ్ళను వెతికి తెచ్చే పూచీ నాది అనుకున్నాను.

వెతకడానికి నా దగ్గర ఉన్నది రికార్డే. అటక మీద తాత దాచిన ఉత్తరాల కంబి ఒకటి ఉండేది. అప్పట్లో వచ్చిన ప్రతి కార్డునూ నడిమికి గుచ్చి కిందికి జారవిడిచేవారు కదా, అది. అవ్వ పుట్టింటినుంచి వచ్చినవన్నీ తెలుగు మాటలే, తమిళ అక్షరాల్లో. మూలలకు రాసిన పసుపు గోధుమరంగుకు తిరిగింది. దుమ్ముకు తుమ్ముతూ, తుమ్ముల మధ్యే చదువుతూ, ఆఫీసునుంచి తెచ్చిన పెద్ద కాగితం వెనకవైపు వంశం గీయడం మొదలుపెట్టాను. ఎవరికో మగబిడ్డ పుట్టాడు, ఎవరికో చెవులు కుట్టించారు, ఒకరి పెళ్ళి, ఒకరి గృహప్రవేశం, ఆవు ఈనింది, బావిలో నీళ్ళు పడ్డాయి. చదివే కొద్దీ నాకు ఉత్సాహం పెరిగింది, ఎందుకంటే ఆ కంబి మీద ఎవరూ చావలేదు. పైనుంచి కిందిదాకా రెండుసార్లు చూశాను, ఒక్కరంటే ఒక్కరు పోలేదు. ఓచరు లేకపోతే ఖర్చు లేదు, అదే కదా సూత్రం. ఆ లెక్కన మా అవ్వ తాతగారు కూడా ఇంకా బతికే ఉండాలి. నేను మరీ అంత అమాయకురాలిని కాను గనక వయసు చూసి పెద్దవాళ్ళనూ, వరస చూసి దూరపువాళ్ళనూ కొట్టేశాను. చివరికి మిగిలింది అవ్వ చెల్లెలు, చిన్నపాప. ఆమె సీమంతానికి రమ్మని ఒక కార్డు ఉంది. దాని తర్వాత చిన్నపాప ఊసే లేదు.

నేను వెంటనే తేల్చేశాను: గొడవ. ఇంతింత విషయాలు రాసుకునే మనుషులు ఒక్కసారిగా ఒకరి పేరు ఎత్తడం మానేశారంటే ఇంకేముంటుంది? సీమంతంలో మాటా మాటా వచ్చి ఉంటుంది. గాజుల దగ్గర వచ్చిందని కూడా నిర్ణయించాను. నాయనకు చెబితే ఆయన మీసం దువ్వుకుంటూ, "మా చిన్నమ్మనా? నేను చూసిన గుర్తే లేదు. అవ్వను అడిగేస్తే అయిపాయ గదా," అన్నాడు. "పార్టీని అడగకూడదు నాయనా. రికార్డే మాట్లాడాల," అన్నాను. పైగా అక్కచెల్లెళ్ళను ఉన్నట్టుండి ఎదురెదురుగా నిలబెట్టి అవ్వ మొహం చూడాలని నా ఆశ. ఆ ఆదివారమే నాయనను బయల్దేరదీశాను. అవ్వకు పళని పోతున్నామని చెప్పాం. (అది అబద్ధం కాకూడదని నాయన బస్సులోంచే పళని కొండ కనబడినంతసేపూ దండం పెట్టాడు. పక్క సీటాయన మా నాయనను మహాభక్తుడనుకుని లేచి కిటికీ సీటు ఇచ్చాడు.)

తిరుమంగళంలో మిట్టమధ్యాహ్నం. కార్డు మీద ఉన్న తెరువు, అంటే వీధి, అలాగే ఉంది, అవ్వవాళ్ళ ఇంటి చోట మాత్రం సిమెంటు కొట్టు ఉంది. దాని ఎదుట వెల్లుల్లి అమ్ముకునే ఆయనను, అవ్వ ఇంటిపేరు చెప్పి, చిన్నపాప ఎక్కడ ఉంటారని అడిగాను. మా ఇంటిపేర్లు రేషను కార్డుల్లో ఉండవు, అక్కడ ఒక ఇనిషియలే. పెళ్ళి మాటల్లోనూ చావు ఇంట్లోనూ మాత్రమే బయటికి వస్తాయి. కానీ ఒకే ఇంటిపేరువాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే. ఆయన తల గోక్కుని, "ఈ తెరువులో ఇంటికొక చిన్నపాప ఉండారు. మీరు చెప్పే ఇంటిపేరంటే, ముసలాయమ్మనా? అదో, నీలం తలుపు. అంగే కేళుంగ," అన్నాడు, అక్కడ అడగమని.

నీలం తలుపు తీసిన ఆమెను చూడగానే నాకు అవ్వ ముక్కు కనబడింది, అవ్వ నుదురు కనబడింది. (మనిషి చూడాలనుకుంటే ఎవరి మొహంలోనైనా ఎవరి ముక్కైనా కనబడుతుంది.) "రాండి, రాండి, ఎండన పడి వచ్చినారు. మొదట తాగండి, తరువా మాట్లాడుదాం," అని పక్క కొట్టునుంచి ఎర్రటి కలర్ సోడాలు తెప్పించి చేతిలో పెట్టింది. మేమెవరమో కూడా అడగలేదు. నేను ఆగలేకపోయాను. బస్సంతా మనసులో అప్పజెప్పుకున్న ఉపన్యాసం విప్పాను. జరిగిందేదో జరిగిపోయింది, అక్క రోజూ మీ ఊసే తలుచుకుంటోంది (తలుచుకోవడం నేనెప్పుడూ వినలేదు), గాజులు ఈరోజు ఉంటాయి రేపు పగులుతాయి, తోడబుట్టినదాన్ని వదులుకుంటే మళ్ళీ దొరుకుతుందా అన్నాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను నాయన వైపు గర్వంగా చూశాను.

"శానా బాగా మాట్లాడితివి కన్నూ," అంది ఆమె. "అయితే మా అక్క పక్క తెరువులోనే ఉండి, రెండేళ్ళ కిందట పోయ. నువ్వు ఏ అక్కను చెప్తుండావు?"

నాయన సోడా గుటక మింగకుండా ఇంటి కప్పు వైపు చూశాడు. మరి కళ్ళనీళ్ళు ఎందుకు పెట్టుకున్నారని అడిగాను. "ఎవరికైనా వస్తుంది గదా ఆ మాటకి," అంది. అప్పుడు నాయన నెమ్మదిగా అవ్వ పేరు, అవ్వ నాయన పేరు చెప్పాడు. ఆమె వచ్చి మా పక్కన చాప మీద కూర్చుంది. తర్వాత చెప్పింది. "ఆ ఇంటి చిన్నపాప నాకంటే పెద్దది. నన్ను చంకనేసుకుని తిప్పుతుండె. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది సామీ. తల్లీ దక్కలా, బిడ్డా దక్కలా. తరువా ఆ ఇంటోళ్ళు ఒకరి ఎనక ఒకరు పోయినారు."

నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు ముడుచుకుపోతుంది గానీ, సంచీలోంచి సీమంతం కార్డు తీసి చూపించాను. "దీని తరువాత ఏ కార్డులోనూ ఆమె పేరు లేదు అవ్వా. పోయినట్టు కార్డే లేదు," అన్నాను.

ఆమె నవ్వలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "సావు కార్డు ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా కన్నూ? వాకిట్లోనే నిలబడి చదివి, ఆడనే చించేసి, తలకు నీళ్ళు పోసుకుని లోపలికి వస్తారు. అది గడప దాటకూడదు."

నాకు ఊహ తెలిసేసరికి మా ఇంటికి టెలిఫోను వచ్చేసింది. చావు కబుర్లు గంట మోగి వచ్చేవి, చించడానికి కాగితం ఉండేది కాదు. అందుకే ఆ పద్ధతి నా చెవిన పడలేదు. ఆ కంబి మీద ఎవరి పేరు ఎక్కడ ఆగిందో అక్కడ ఒక మనిషి పోయారన్నమాట. తాత వాకిట్లో నిలబడి కార్డు చదివి ఉంటారు, అవ్వ గడప లోపల నిలబడి విని ఉంటుంది, చెల్లెలు పోయిందని. ఆ ముక్కలు కాలువలో కొట్టుకుపోయి ఉంటాయి. నేనేమో మిగిలిన పసుపు కార్డులు పరుచుకుని, అవ్వ వంశంలో చావే లేదని సంబరపడ్డాను. ఆ చాప మీద కూర్చుని ఏడ్చేశాను. ఆమె నా వీపు నిమురుతూ, దేనికి వెతుకుతున్నామని నాయనను అడిగింది. నాయన కోక సంగతి చెప్పాడు.

"మా ఇంటి ఆడబిడ్డకి పక్కింటోళ్ళు కోక వేసినారా?" అంది ఆమె. ఆ గొంతులో కోపం ఉంది. లేచి, తేని ఊళ్ళో యాలకుల మండీలో పనిచేసే కొడుకుకు ఫోను చేసి చెప్పమని ఎదురింటివాళ్ళకు కేకేసి, తలుపుకు తాళం వేసింది. మదురైలో బస్సు మారేటప్పుడు మమ్మల్ని ఎండలో నిలబెట్టి, కొట్టులో చీరలన్నీ దింపించి, వక్కరంగు కోక ఒకటి తీసింది. నేను పర్సు తెరిచాను. "పుట్టింటి కోకకి నువ్వు డబ్బు ఇస్తావా? లోపల పెట్టు," అని కసిరింది.

మరునాడు పొద్దున కోయంబత్తూరులో, వరండాలో కూర్చున్న అవ్వ ముందు ఆమెను నిలబెట్టాను. పూచీ పడ్డప్పుడున్న ధైర్యం నాలో ఇసుమంత కూడా మిగల్లేదు. ఎవరని అడిగింది అవ్వ. "చిన్నపాపని," అంది ఆమె. అవ్వ ఆమెను తేరిపార చూసింది. "మా చిన్నపాప పోయింది," అంది.

"పోయింది అక్కా. నేను ఆ తెరువులోనే ఇంకో చిన్నపాపని. మన ఇంటిపేరే. కబురు ఇప్పుడే అందింది, ఆలస్యమాయ." ఇంకేమీ చెప్పకుండా వక్కరంగు కోక విప్పి అవ్వ భుజాల మీద కప్పింది. అవ్వ ఆ కోకను చేత్తో తడిమింది. తాత పోయినప్పటినుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. మేము వంటింట్లో తలా ఒక మూలకు తిరిగి నిలబడ్డాం. మధ్యాహ్నం అవ్వ పెరుగన్నం రెండోసారి వడ్డించుకుని తింది. ఆమె నాలుగు రోజులుంది. ఆ తెరువులో ఎవరి గోడ ఎవరిదో, ఎవరి మేక ఎవరి ఆకులు తిన్నదో అన్నీ మాట్లాడుకున్నారు. వెళ్ళేముందు అవ్వ అడిగింది, "నేను పోయిననాడూ వస్తావా?"

"నేను ముందు పోతే?"

"నేను వస్తా. నడవలేకపోతే దీన్ని పంపిస్తా," అని నన్ను చూపించింది.

అవ్వే ముందు పోయింది. చిన్నపాపవ్వ రాత్రంతా బస్సులో కూర్చుని తెల్లవారేసరికి వచ్చింది. మొదటి కోక ఆమెదే పడింది. అంతవరకూ తక్కినవాళ్ళు తెచ్చినవి చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డారు.

నిరుడు తేనినుంచి ఆమె కొడుకు ఫోను చేశాడు. నేను బజారుకు పోయి కోక కొన్నాను, బస్సెక్కాను. తిరుమంగళంలో ఆ తెరువంతా జనం. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఎవరమ్మా నువ్వు? ఏ వరస?" అన్నాడు. ఆమె నాకు రక్తసంబంధం కాదు. నాకు ఆ ఇంటిపేరు కూడా లేదు. ఏ కాగితం తిరగేసినా మా ఇద్దరి పేర్లూ ఒకచోట దొరకవు. ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల పక్కన ఉండి ఉంటే, పాపం, నన్ను అక్కడే ఆపి ఆధారం అడిగేది.

"పుట్టింటోళ్ళం," అన్నాను.

పెద్దాయన లేచి, అడ్డంగా ఉన్న కుర్చీ తీసి నాకు దారి ఇచ్చాడు.