కూర్చోని రాజు

బేతంచెర్ల రాళ్ల డిపోలో అతన్ని గుమాస్తా నరసన్న అంటారు. ఊళ్లో మాత్రం నాటకాల నరసన్న. ఈ రెండో పేరు పలికేటప్పుడు జనం మూతి పక్కన కాస్త నవ్వుతారు. ఆ నవ్వుకు అతను ఏనాడో అలవాటుపడ్డాడు.

మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో ఒక నాటకాల కంపెనీ వెంటపడి రైలెక్కిపోయాడు. కంపెనీవాళ్లు అతనిచేత తెర లాగించారు, చీరలు ఉతికించారు, అట్ట కిరీటాల పెట్టెలు మోయించారు. ఒక్క వేషం ఇప్పించండని కాళ్లావేళ్లా పడితే, మేనేజరు పడీపడీ నవ్వి, "నీ నోట్లో రాళ్లు దొర్లుతున్నాయిరా. ముందు తెలుగు నేర్చుకుని రా" అన్నాడు. నరసన్న ఇల్లు చేరేసరికి చేతులకు తాడు కాయలు మిగిలాయి, మొహానికి మాత్రం ఒక్కసారీ రంగు పడలేదు.

ఆ మంట ఆరలేదు. పెళ్లయి, డిపోలో కుదురుకున్నాక ఊళ్లో కొత్త నటుల నాటకోత్సవం పెట్టాడు. దానికి ఒకటే షరతు: అంతకుముందు స్టేజీ ఎక్కనివాళ్లే ఆడాలి. ఆలూరు నుంచి సేద్యగాళ్లు, పత్తికొండ నుంచి టైలర్లు, స్టేషను హమాలీలు, ఎవరెవరో వచ్చేవాళ్లు. మాటలు మరిచిపోయేవాళ్లు, గడ్డాలు ఊడిపోయేవి. అయినా తెర లేచినప్పుడల్లా నరసన్న కళ్లు తడిసేవి.

ఉత్సవానికి చోటు ఓబుళరెడ్డిది. వేరుశనగ ఎత్తేశాక ఖాళీగా పడుండే ఆయన కళ్లంలోనే పందిరి వేసేవాళ్లు. పందిరి గుంజలు, పెట్రోమాక్సు దీపాలు కూడా ఆయనవే. ఆయన ముందు వరసలో నడిమధ్య తన పడక కుర్చీలో కూర్చునేవాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో ఎవరో ఒక ఆఫీసరు వచ్చి పక్కన కూర్చునేవాడు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక ఆ పక్క కుర్చీ ఖాళీ అయింది. ఓబుళరెడ్డి కుర్చీ మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ ఏడు నరసన్నకు ఏసన్న దొరికాడు. హరిజనవాడ మనిషి, నాపరాళ్ల గనిలో బండలు లేపుతాడు. చర్చిలో పాడుతుంటే విని, ఆ గొంతు కోసం నరసన్న అతన్ని పట్టుకున్నాడు. తను రాసిన నాటకంలో రాజు వేషం ఇచ్చాడు. కరువులో ధాన్యం దొంగిలించిన కొడుకుకు మరణదండన వేసే రాజు కథ అది. నాటకమంతా రాజు నిలబడే ఉంటాడు. తీర్పు చెప్పాక, మొదటిసారి, సింహాసనం మీద కూర్చుంటాడు. ఇక మాటల్లేవు. తెర పడుతుంది.

ఆ కూర్చోవడంలోనే ఉంది అంతా. గనిలో పెద్ద బండను దించేటప్పుడు పగలకుండా ఎలా దించుతారో, ఏసన్న తనను తాను అలా దించుకునేవాడు. మొదట మోకాళ్లు, తర్వాత నడుము, చివరికి మెడ. రిహార్సలులో అది చూసి నరసన్న భార్య ఈరక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమే, ఏడుస్తాండావా?" అన్నాడు నరసన్న.

"కొడుకును సంపుకున్నోడు అట్లనే కూసుంటాడప్పా. మా నాయన అట్లనే కూసున్యాడు, మాయన్న పోయిన పొద్దు."

సింహాసనానికి ఓబుళరెడ్డి ఇంట్లోని నల్లచేవ కుర్చీ అడుగుదామని నరసన్న వెళ్లాడు. రెడ్డి వక్క కత్తిరిస్తూ విన్నాడు.

"రాజు ఎవురు?"

"ఏసన్న, రెడ్డీ. గనిలో చేస్తాడే, వాడు."

"మా నాయన కూసున్న కుర్చీలో ఏసన్న కూసుంటే, మళ్ల ఆ కుర్చీలో నేను కూసోవల్లనా?"

నరసన్న తలొంచుకుని వచ్చేశాడు. సంగతి విని ఏసన్న నవ్వేశాడు.

"ఆయన కుర్చీ ఎవురికి కావల్లప్పా? గనిలో మంచి నాపబండ ఒకటుండాది. దాన్నే సింహాసనం జేస్తా. నేను కొట్టిన రాయి మీద నేను కూసుంటే ఎవురికి నొప్పి?"

బండ వచ్చింది. రెండు దిమ్మెల మీద పరిచారు. సమస్య తీరిపోయిందనుకుని నరసన్న మళ్లీ రెడ్డి దగ్గరికి పోయి సంబరంగా చెప్పాడు. అతని తెలివితక్కువతనం అదే. చెప్పకుండా ఉంటే సరిపోయేదేమో. ఓబుళరెడ్డి వక్కాకు పక్కన పెట్టాడు.

"ఏమప్పా నరసన్నా, నీకు నాటకాలు తెలుసు గానీ లోకం తెలీదే. కుర్చీ అయితేనేమి, రాయి అయితేనేమి? వాడు ఆడ పైన కూసుంటాడు. నేను ఈడ కింద కూసుంటా. ఊరంతా వాన్నీ చూస్తాది, నన్నూ చూస్తాది. రేపు నా గడప ముందర వాడు నిలబడతాడా?"

"నాటకం గదా, రెడ్డీ..."

"నాటకమే. ఆడుకోండి. నిలబడి ఆడమను. నిలబడితే నేనేమన్నా వద్దంటినా?"

ఆయన గొంతు పెంచలేదు. పందిరి తీసేస్తానని అనలేదు. అనాల్సిన పని లేదు. అప్పటికే పత్తికొండ జట్టు సత్రంలో దిగింది, ఆలూరు వాళ్లు బండ్లు కట్టుకుని బయలుదేరారు. వాళ్లందరి పేర్లు తనకు తాను చెప్పుకుంటూ నరసన్న ఇంటికి నడిచాడు. ఒకడు కూర్చోకపోతే ఇంతమంది ఆడొచ్చు. ఇలాంటి లెక్క ఎప్పుడూ సరిగ్గానే తేలుతుంది. అందులో తగ్గేవాడు ఎప్పుడూ ఒకడే.

"కూసోవద్దంటే ఎట్లప్పా?" అన్నాడు ఏసన్న. "ఆ నాటకంలో నేను జేసేది అదొక్కటే గదా."

"ఈసారికి నిలబడు, ఏసన్నా. వచ్చే ఏడు సూద్దాం."

"కొడుకును సంపి నిలబడే ఉండాల్నా?"

"రాజు గదా. నిలబడగలడు."

ఏసన్న అతని మొహంలోకి చూశాడు. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని నరసన్న తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

నాటకం రోజు తీర్పు దాకా ఏసన్న గొంతు పందిరిని పట్టి నిలిపింది. తీర్పు చెప్పాడు. సైనికులు కొడుకును తీసుకుపోయారు. అతని మోకాళ్లు అలవాటుగా వంగాయి. ముందు వరసలో ఓబుళరెడ్డి పడక కుర్చీ కిర్రుమంది. మోకాళ్లు మళ్లీ నిటారయ్యాయి. ఖాళీ బండ పక్కన ఏసన్న అలాగే నిలబడ్డాడు, కాళ్లు వణుకుతూ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. తెర పక్క నుంచి నరసన్న తాడు వదిలేశాడు.

అదే ఆఖరి నాటకం. ప్రైజులు చెప్పాల్సిన న్యాయనిర్ణేత కర్నూలు నుంచి వచ్చిన తెలుగు లెక్చరరు. మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అంత బాధలోనూ రాజు సింహాసనం మీద కూర్చోలేదు, గమనించారా? ఎదురుగా ఉంది, కూర్చోడు. అధికారాన్ని త్యజించడమంటే అది! ఇంత గొప్ప ఊహ ఈ మారుమూల ఊళ్లో పుట్టిందంటే నమ్మలేకపోతున్నాను. ఉత్తమ దర్శకుడు నరసన్నగారు. నటుడు మాత్రం ఆ ఊహను అందుకోలేకపోయాడు. చివర్లో కాళ్లు తడబడ్డాయి, చేతులు తేలిపోయాయి. ఇంకా సాధన కావాలి."

చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు కొట్టింది ఓబుళరెడ్డి. వెండి కప్పు ఆయన చేతుల మీదుగానే ఇప్పించారు. మైకు నరసన్న మూతి ముందుకు వచ్చింది. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. ఏసన్న మొహం రంగు తుడుచుకుంటూ జనం వెనక నిలబడి ఉన్నాడు, వింటున్నాడు.

"అందరికీ నమస్కారం" అన్నాడు నరసన్న. "పందిరి ఇచ్చిన రెడ్డిగారికి నమస్కారం." కప్పు తీసుకుని దిగిపోయాడు.

ఏసన్న కిరీటం తెచ్చి పెట్టెలో పెట్టాడు.

"బాగుండాదప్పా మీ ఊహ" అన్నాడు. అంతే. మర్నాడు అతనే వచ్చి ఆ బండను భుజాన వేసుకుని గనికి మోసుకుపోయాడు. మళ్లీ చర్చిలో తప్ప ఎక్కడా అతని గొంతు వినపడలేదు.

ఇంట్లో ఈరక్క ఆ కప్పు ముట్టుకోలేదు. "దీంట్లో ఏం పోసుకొని తాగుతావు?" అని ఒక్కసారి అడిగింది.

మరుసటి ఏడు ఉత్సవానికి ఇంకా ఎక్కువ జట్లు వచ్చాయి. ప్రైజు ఎలా వచ్చిందో జిల్లా అంతా పాకింది. మొదటి నాటకంలో రాజు సింహాసనం పక్కన నిలబడ్డాడు. రెండో దాంట్లో జమీందారు సోఫా పక్కన నిలబడ్డాడు. మూడో దాంట్లో ముసలి తండ్రి, నడుము వంగిపోయినవాడు, మంచం పక్కనే నిలబడి చచ్చిపోయాడు. నరసన్న ఓర్చుకోలేక తెర వెనక్కి పోయి, తర్వాతి నాటకం ఆడించబోతున్న ఆలూరు జట్టు కుర్రవాణ్ణి పట్టుకున్నాడు.

"నాయనా, నీ రాజును కూసోబెట్టుకో. వాన్ని కూసోనీయప్పా."

కుర్రవాడు విస్తుపోయాడు. "ఏమట్లంటావు, మామా? నిలబెట్టింది నువ్వే గదా! మేం నీకాడ నేర్చుకున్నిందే అది."

నరసన్న నోరు తెరిచాడు. పందిట్లోంచి ఓబుళరెడ్డి దగ్గు వినిపించింది. ఆయన తన కుర్చీలో సర్దుకుని కూర్చుంటున్నాడు.

"సరే, కానియ్" అని నరసన్న పోయి తెర తాడు పట్టుకున్నాడు.